అమ్మ మోకాళ్ళ క్లెయిమ్ వచ్చింది, ముగ్గురికి థాంక్స్ చెప్పుకోవాలి

అందరికీ నమస్కారం. అమ్మని మోకాళ్ళ నొప్పులకి 10 రోజులు ప్రకృతి వైద్యశాలలో ఉంచాం కదా, ఆ ఖర్చులో సగానికి కాస్త పైనే నిన్న ఇన్సూరెన్స్ నుంచి అకౌంట్లో పడింది. ఒకసారి కుదరదని చెప్పేశాక వచ్చిన డబ్బు ఇది. ఇందులో నా తెలివేం లేదు, ముగ్గురు పూనుకోబట్టి అయింది.

ముందుగా పై అంతస్తు బాబాయ్ గారు. చుట్టరికం ఏమీ లేదు, క్లెయిమ్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మని చేర్పించకముందే పాలసీ కాగితాలు తెమ్మన్నారు. నేను మొదటి పేజీ తీయబోతే, "వెనక నుంచి చదువమ్మా, ఏం ఇవ్వరో అక్కడుంటుంది" అన్నారు. ఉంది కూడా. విశ్రాంతికి, బరువు తగ్గడానికి, ఒంటికి హాయి కోసం చేరితే పైసా రాదు. జబ్బుకి చికిత్స అయితే వస్తుంది, అదీ రిజిస్టరైన వైద్యుడు, గుర్తింపు ఉన్న ఆస్పత్రి అయితేనే. "ప్రకృతి వైద్యం కూడా కవరవుతుందండీ" అని ఏజెంటు ఒక్క ముక్కలో తేల్చేసింది ఇదన్నమాట! ముందస్తు అనుమతి కూడా ఆయనే దగ్గరుండి మెయిల్‌లో అడిగించారు. ఫోన్లో సరేనన్నారని ఊరుకుంటే, ఆనక చూపించడానికి చేతిలో ఏముంటుంది?

ఇంత చేసినా క్లెయిమ్ వెనక్కొచ్చింది. చికిత్స అవసరమని తేలలేదట. ఆ లెటర్ చూసి రెండు రోజులు అన్నం సహించలేదు నాకు.

తీరా చూస్తే తప్పు బిల్లులోనే ఉంది. "చికిత్స ప్యాకేజీ, 10 రోజులు" అని ఒకటే లైను, కింద ఒకటే మొత్తం. అది చదివిన మనిషికి అమ్మ వైద్యానికి వెళ్ళిందో విహారానికి వెళ్ళిందో ఎలా తెలుస్తుంది? వైద్యశాల బిల్లింగ్ కౌంటర్లోని అమ్మాయికి చూపిస్తే, "అన్నీ కలిపి కొట్టేశాం మేడమ్" అని నాలుక కరుచుకుంది. డ్యూటీ అయిపోయాక కూడా కూర్చుని తేదీల వారీగా విడగొట్టింది. డాక్టర్ ఫీజు, గది, ఫిజియోథెరపీ, మట్టి పట్టీలు, ఆవిరి స్నానాలు, మసాజ్, ఇంటికిచ్చిన పొడులు, అన్నీ వేరువేరు లైన్లు. మధ్యలో ఆగి, "ఇక్కడ కోడ్ చూడండి" అంది. జబ్బులకి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోడ్‌లు ఉంటాయి కదా, ఐసీడీ 10 అంటారు. మా ఫారంలో ఎం 25.5 అని వేశారు. అంటే కీలు నొప్పి, అంతే. ఎక్స్‌రే రిపోర్టులో ఉన్నదేమో మోకాలి కీలు అరుగుదల, దాని కోడ్ ఎం 17. డాక్టర్ గారికి రిపోర్టు చూపించి దిద్దించి, సంతకం పెట్టించి, కాపీ జతచేసింది. అమ్మని ఎప్పటినుంచో చూస్తున్న ఎముకల డాక్టర్ గారి దగ్గర నాలుగు లైన్ల లెటర్ కూడా తెమ్మంది. నొప్పి మాత్రలు కడుపుకి పడట్లేదనీ, మందులు లేని చికిత్స అవసరమనీ ఆయన రాసిచ్చారు.

మూడో మనిషి ముఖం కూడా నాకు తెలీదు. కంపెనీ హెల్ప్‌లైన్‌లో మాట్లాడిన ఆవిడ. నేను కొత్తగా ఇంకో క్లెయిమ్ వేయబోతుంటే ఆపారు. "పాత నంబరు మీదే పునఃపరిశీలన అడగండి. కొత్తది వేస్తే డూప్లికేట్ అని ఆగిపోతుంది" అన్నారు. ఆ ఒక్క మాట చెప్పకపోయుంటే ఇంకెన్నాళ్ళు తిరిగేదాన్నో.

అన్నీ వచ్చాయని అనుకోకండి. మసాజ్, పొడులు కొట్టేశారు. మన వంతుగా ముందే పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ కూడా పోయింది. పొడుల సంగతి బాబాయ్ గారు ముందే చెప్పారు కాబట్టి బాధేం లేదు. మసాజ్ డబ్బులకి మాత్రం అమ్మ ఇంకా సణుగుతోంది. ఆవిడకి బాగా నచ్చిన చికిత్స అదే మరి.

అరిగిన కీలు మళ్ళీ కొత్తదవదు, ఆ వైద్యశాల వాళ్ళూ అవుతుందని చెప్పలేదు. నేర్పిన వ్యాయామాలు మాత్రం అమ్మ మానకుండా చేస్తోంది. నిన్న డబ్బు పడ్డ మెసేజ్ చూడగానే, నేను ఫోన్ చేస్తానన్నా వినకుండా బాబాయ్ గారికి చెప్పడానికి తనే మెట్లెక్కి వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, కానీ ఎక్కింది.