సున్నాలు మీకు చేరాయి, పాఠానికి టైం ఎప్పుడిస్తారు?

గౌరవనీయులైన విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారాలు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే చదువు మధ్యలో పిల్లలకు ఎంత వచ్చిందో చూసే మూల్యాంకనం) మార్కులు గడువులోగా పోర్టల్లో ఎక్కించలేదని మాలో కొందరికి మెమోలు వచ్చాయి. మార్కుల తర్వాత పాఠం మళ్లీ చెప్పడానికి టైం ఇవ్వండని చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో మొత్తుకున్నాం, వినతిపత్రాలూ పంపాం. వాటికి ఇంతవరకు జవాబు లేదు. మెమో మాత్రం గడువు దాటిన సాయంత్రానికే వాట్సాప్‌లో వచ్చేసింది. ఆ చురుకుదనానికి ధన్యవాదాలు.

ఐదో తరగతి స్లిప్ టెస్టులో 403 లోంచి 178 తీసెయ్యమని ఇచ్చాను. ఒక పాప 375 అని రాసింది. పైనున్నా కిందున్నా సరే, పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసెయ్యడమే ఆ పిల్లకు తెలుసు. పక్కన కూర్చునే పిల్లాడు 325 అన్నాడు. వాడికి అప్పు తెచ్చుకోవడం వచ్చు. పదుల స్థానంలో సున్నాను 9 చేశాడు గానీ, వందల్లో 4ను 3 చెయ్యడం మరిచాడు. వాడికి పలక మీద నాలుగు లెక్కలు చేయిస్తే చాలు. పాపకు మాత్రం పుల్లలు, పదుల కట్టలు, వందల కట్టలు పెట్టుకుని మొదట్నుంచి చెప్పాలి. మీ పోర్టల్లో ఇద్దరికీ ఒకటే సున్నా.

ఆ సున్నా చూశాకే కదా సార్, నా అసలు పని మొదలవ్వాల్సింది! కానీ క్యాలెండర్ ప్రకారం ఆ వారం భాగహారం అయిపోవాలి. భాగహారంలో ప్రతి మెట్టులోనూ తీసివేతే ఉంటుంది. తీసివేత రాని పిల్ల అది ఎలా చేస్తుంది? పైగా నాలుగు, ఐదు తరగతులు రెండూ నావే. వీళ్లకు రాతపని ఇచ్చి వాళ్లకు పాఠం చెప్పాలి. పీరియడ్ ప్లాన్‌లో పునర్బోధన అని రాయకపోతే తనిఖీకి వచ్చినవాళ్లు ఊరుకోరు. రాస్తున్నాం. దానికి పీరియడ్ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

ఎఫ్‌ఏ కోసం భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అంటూ ప్రతి పిల్లకీ, ప్రతి సబ్జెక్టుకీ గడులు నింపాలి. పగలంతా సర్వర్ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఆ పని రాత్రి ఇంట్లో. (ప్రాజెక్టు మార్కులు ఎలా పడతాయో మీకు తెలియనిది కాదు, వదిలేద్దాం.)

విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నది, పిల్లకు ఏం అర్థమైందో, దాన్ని ఎంతవరకు వాడగలదో తెలుసుకోవడానికి. జిల్లాల వారీగా శాతాలు కట్టమని అందులో నాకెక్కడా కనిపించలేదు.

మార్కులు అడగండి, పంపిస్తాం. ప్రతి ఎఫ్‌ఏ తర్వాత ఒక వారం కొత్త పాఠం వద్దని సర్క్యులర్ ఇవ్వండి. వారం కుదరకపోతే నాలుగు రోజులైనా ఇవ్వండి. ఆ నాలుగు రోజులూ ఏ యాప్‌లోనూ ఏ ఫొటో అప్‌లోడ్ చెయ్యమని మాత్రం అడక్కండి, దయచేసి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల టీచర్