చెట్టు నరకడానికి బైబిల్ వాక్యాన్ని సాకుగా చూపొద్దు

పార్కింగ్ కోసం చర్చి ఆవరణల్లో పెద్ద చెట్లు కొట్టేయడం ఆపాలి. మా ఊళ్లో ఒక చర్చిలో నిరుడు వేపచెట్టు నరికేశారు. ఎండాకాలం కూటాలప్పుడు ముసలివాళ్లంతా దాని నీడలోనే కూర్చునేవారు. ఎందుకని అడిగితే, భూమిని ‘లోపరచుకొనుడి’ (లోబరచుకోండి) అని బైబిల్లోని ఆదికాండము 1:28లో దేవుడే చెప్పాడు కదా అన్నారు ఓ పెద్దాయన. ఆ జవాబు నన్ను చాలా బాధపెట్టింది. ప్రకృతిపై పెత్తనం మనిషిదేనన్న ఈ భావన వల్లే పర్యావరణ సంక్షోభంలో పాశ్చాత్య క్రైస్తవానికి పెద్ద బాధ్యత ఉందని అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో విమర్శించారు. కానీ తర్వాతి అధ్యాయమే (2:15) మనిషిని తోటలో పెట్టింది ‘సేద్యపరచుటకును దాని కాచుటకును’ అంటోంది. యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినా అక్కడి పండ్లచెట్లు నరకొద్దని ద్వితీయోపదేశకాండము 20:19 ఆజ్ఞ. యూదు పండితులు దాన్ని చెట్లతో ఆపలేదు. తిండి, బట్టలు, సామాన్లు, ఏదీ వృథాగా పాడుచేయకూడదన్న నియమంగా విస్తరించారు. ఏడో ఏట పొలానికి కూడా విశ్రాంతి ఇవ్వమంది లేవీయకాండము 25. ఇవన్నీ మన తెలుగు బైబిల్లో ఉన్నవే, ప్రసంగాల్లో మాత్రం నాకు ఎప్పుడో గానీ వినపడవు. చర్చి సంఘం రాతపూర్వకంగా తీర్మానించకుండా ఆవరణలో ఏ చెట్టూ కొట్టకూడదని డయోసిస్‌లు (బిషప్ కింద ఉండే చర్చిల పాలనా విభాగాలు) నిబంధన పెట్టాలి. పాస్టర్ల శిక్షణలో ఆదికాండము 1:28తో పాటు 2:15 కూడా తప్పనిసరిగా బోధించాలి. మా చర్చిలో ఆ వేప మొదలు పక్కనే ఈ వానాకాలంలోనే కొత్త మొక్క నాటాలని పెద్దలను కోరుతున్నాను.

– ఒక సంఘ సభ్యుడు, గుంటూరు జిల్లా