మంత్రి గారూ, లైబ్రేరియన్లు కూర్చుని మాట్లాడుకునే ఆ అరగంట కూడా పనే

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని. అందరూ చదివేలా మీకు ఇలా రాస్తున్నానంటే ఇది నా ఒక్కదాని సమస్య కాదు కాబట్టే. మేం చేసే చిన్నచిన్న పరిశోధనలను, పూర్తయినవే కాదు, సగంలో ఉన్నవీ, ఫలితం రానివీ, తోటి లైబ్రేరియన్లతో చెప్పుకోవడానికి మాకు కాస్త సమయం కావాలి. అది డ్యూటీలో భాగమేనని కాగితం మీద ఒక మాట కావాలి. డబ్బు అడగడం లేదు, కొత్త పోస్టులూ అడగడం లేదు.

లైబ్రేరియన్లు పరిశోధన చేయడమేమిటి అని మీకు అనిపించవచ్చు. నా పై అధికారి ఒకరు మొహం మీదే అన్నారు: "పరిశోధన ప్రొఫెసర్ల పని, వాళ్లకు పుస్తకాలు అందించడం మీ పని." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అప్పటికే ఆరు నెలలుగా సాయంత్రాలు కూర్చుని నేను ఒక లెక్క తీస్తున్నాను.

ఆ లెక్క ఏమిటంటే, మా ఆన్‌లైన్ కేటలాగులో ఎవరైనా ఏదైనా వెతికితే అది సర్వర్ లాగ్‌లో ఒక వరుసగా నమోదవుతుంది, ఏమీ దొరక్కపోతే ఆ వరుస చివర సున్నా ఉంటుంది. ఆ సున్నాలన్నీ ఒక ఎక్సెల్ షీటులోకి తెచ్చుకున్నాను. ఇన్నిసార్లు మన విద్యార్థులు ఖాళీ చేతులతో వెళ్లిపోతున్నారా అని నాకు ఒకటే టెన్షన్. వెంటనే వ్యాసం రాసి జర్నల్‌కు పంపేద్దామనుకున్నాను. పంపే ముందు ఎందుకో ఒక మధ్యాహ్నం మా సెక్షన్లలోని నలుగురైదుగురిని పిలిచి ఆ షీటు తెర మీద పెట్టి చూపించాను.

కేటలాగింగ్‌లో ఉండే సీనియర్ ఒకాయన రెండు నిమిషాలు చూసి, "మన సిస్టమ్‌ల నుంచి వెళ్లిన సెర్చ్‌లు తీసేశావా అమ్మా?" అని అడిగారు.

తీయలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు నాకు. కొత్త పుస్తకం కొనే ముందు అది మన దగ్గర ఇప్పటికే ఉందేమోనని మా వాళ్లు కేటలాగులో వెతుకుతారు. అక్కడ సున్నా వస్తే సంతోషం, ఆర్డర్ పెట్టొచ్చని అర్థం. నేను విద్యార్థుల వైఫల్యాలని లెక్కేసిన వాటిలో పెద్ద భాగం మా ఆఫీసు రోజూ చేసుకునే సొంత పనే. ఆ వ్యాసం అలాగే పంపి ఉంటే, సమీక్షకులకు మా ఆఫీసులో ఏ సిస్టమ్ మీద ఏ పని జరుగుతుందో తెలియదు కాబట్టి, బహుశా అచ్చయిపోయేది కూడా.

మా సెర్చ్‌లు తీసేశాక మిగిలిన వరుసల్లో అసలు సంగతి బయటపడింది. విద్యార్థులు అధ్యాపకులు ఇచ్చిన రీడింగ్ లిస్టు నుంచి వరుసంతా కాపీ చేసి, రచయిత పేరు, సంవత్సరం, శీర్షిక, ప్రచురణకర్త, చివర్న "45-67 పేజీలు" అన్నదాంతో సహా సెర్చ్ పెట్టెలో అతికిస్తున్నారు. మా కేటలాగు అన్ని పదాలూ ఒకే రికార్డులో, అంటే ఒక పుస్తకానికి రాసిపెట్టిన వివరాల్లో, ఉన్నాయా అని చూస్తుంది. అలాంటి పేజీ నంబర్లు మామూలుగా రికార్డుల్లో ఉండవు, కాబట్టి సున్నా. పుస్తకమేమో అల్మారాలో ఉంది! పేజీ నంబర్లు చెరిపి మళ్లీ వెతికితే మొదటి వరుసలోనే వచ్చింది. రీడింగ్ లిస్టుల్లోనే కేటలాగు లింకు పెట్టమని అధ్యాపకులను అడిగాం, కొందరు పెట్టారు, ఆ కోర్సుల్లో ఈ బాధ తగ్గింది.

ఇంతా చేసి నేను దాన్ని ఎక్కడా బయట పెట్టలేదు. జర్నల్ వ్యాసానికి సరిపోయేంత పెద్దది కాదనిపించింది, ఇంకో చోట చెప్పుకునే దారి లేదు. రెండేళ్ల తర్వాత ఒక సదస్సులో టీ విరామంలో వేరే విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ ఒకామె పరిచయమైంది. మాటల్లో తెలిసింది, ఆమె కూడా ఇదే లెక్క తీసింది, సొంత సిబ్బంది సెర్చ్‌లు తీసేయకుండా ఇదే తప్పు చేసింది, ఒక విద్యా సంవత్సరమంతా పోగొట్టుకుంది. నా షీటు ఆమెకు చేరి ఉంటే ఒక్క పూటలో తేలేది. ఆ రోజు నాకు కలిగిన బాధే ఈ ఉత్తరం రాయిస్తోంది.

మంత్రి గారూ, విద్వాంసులు ఇలా లాంఛనాలు లేకుండా పంచుకోవడం కొత్తేమీ కాదు. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ తొలి సైన్స్ జర్నల్ మొదలుపెట్టే నాటికి ఆయన చేసే పని ఉత్తరాలు రాయడం, వచ్చిన ఉత్తరాల్లోని విషయాలు మిగతావాళ్లకు చేరవేయడం. జర్నల్ ఆ ఉత్తరాల్లోంచే పుట్టింది. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ వ్యాసాల ప్రతులు అందరికీ అందేలా ఆర్కైవ్ అనే సర్వర్ పెట్టాక భౌతిక శాస్త్రవేత్తలు జర్నల్‌లో రాకముందే ప్రతులు ఒకరికొకరు చూపించుకోవడం రోజువారీ అలవాటైపోయింది. దాంతో వాళ్ల శాస్త్రం పలచబడలేదు, తప్పులు ముందే దొరుకుతున్నాయి. మా రంగానికీ 2003 నుంచి ఇ-లిస్ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది, స్వచ్ఛందంగా లైబ్రేరియన్లే నడుపుతున్నారు. 2013లో యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ మొదలుపెట్టిన జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో స్లైడ్లయినా, డేటా షీటయినా ఉచితంగా పెట్టుకోవచ్చు, దానికి శాశ్వతమైన డీఓఐ నంబరు, అంటే ఆన్‌లైన్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు, కూడా వస్తుంది. అంటే చోటు ఉంది, సాధనాలూ ఉన్నాయి. లేనిది మాకు సమయం, "ఇది నీ పనే" అనే భరోసా.

జర్నళ్లలో ఎప్పటికీ రానివి కొన్ని ఉంటాయి. అవే మాకు ఎక్కువ అవసరం. ఒక ఏడాది మేం కొత్త విద్యార్థులకు గంటసేపు ఉపన్యాసంలా చేసే పరిచయ తరగతి తీసేసి, దాని బదులు చిన్న అభ్యాసాలు ఇచ్చాం, ఎంతో ఆశ పెట్టుకున్నాం. హెల్ప్ డెస్కుకు వచ్చే ప్రశ్నల్లో కనిపించేంత తేడా ఏమీ రాలేదు. "తేడా రాలేదు" అనే వ్యాసాన్ని వేసుకునే జర్నల్ దొరకడం కష్టం. కానీ అదే ఆలోచనతో ఉన్న ఇంకో లైబ్రరీకి ఆ ఒక్క మాట చెబితే వాళ్ల ఒక టర్మ్ కష్టం మిగులుతుంది, లేదా మేం ఎక్కడ పొరపాటు చేశామో వాళ్లే చెబుతారు.

దీనికి అభ్యంతరాలు ఉంటాయి, నాకు తెలుసు. ఎవరూ సమీక్షించని మాటలు నమ్మేదెలా అంటారు. ఇది తుది మాట కాదు, పనిలో ఉన్న మాట అని పైన రాసి పెడితే చాలు, ఆ తర్వాత జర్నల్‌కు వెళ్లాల్సినవి వెళ్తాయి. ఆలోచన ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని మా జూనియర్లకే భయం ఉంది. తేదీతో, పేరుతో భాండాగారంలో పెట్టినదాన్ని నాదని చూపించుకోవడం బల్ల సొరుగులో దాచినదానికన్నా తేలిక. ఒక్క విషయంలో మాత్రం మేమే కఠినంగా ఉండాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎవరు ఏం వెతికారు అన్న వివరాలు పాఠకుల సొంతం. నలుగురి ముందు తెర మీద పెట్టే షీటులో పేర్లు, ఐడీలు ఉండకూడదు. ఆ మధ్యాహ్నం షీటు పెట్టే ముందు నేను మొదట చెరిపింది ఆ కాలమే.

ఇక నేను అడిగేది. నెలకు రెండు గంటలు, పని వేళల్లోనే, విశ్వవిద్యాలయ లైబ్రేరియన్లు తమ పరిశోధన తోటివాళ్లకు చూపించుకోవడానికి, వేరే లైబ్రరీల వాళ్లతో ఆన్‌లైన్‌లో కలవడానికి అనుమతి ఇవ్వండి. ప్రమోషన్ ఫారంలో ఇప్పుడు నేను నింపగలిగే గడులు జర్నల్ వ్యాసం, సదస్సు పత్రం, ఈ రెండే. ఇంకొకరి పనిని చదివి తప్పు పట్టుకున్న ఆ సీనియర్ గారికి ఏ గడీ లేదు, ఆయన అలాగే రిటైర్ అయ్యారు. అలాంటి పని రాసుకోవడానికి ఒక గడి పెట్టండి, పాయింట్లు తక్కువైనా పర్వాలేదు.

ఒక్కటి మాత్రం చేయకండి, దయచేసి. దీని మీద నెలవారీ నివేదిక, హాజరు పట్టిక, ఫొటోలు పంపాలని సర్క్యులర్ ఇవ్వకండి. అది వచ్చిన రోజే ఈ సమావేశాలు చచ్చిపోతాయి. ఫొటో కోసం కూర్చున్నవాళ్లు "నా లెక్క తప్పింది" అని చెప్పరు. పై అధికారి ముందు వరుసలో కూర్చుని మార్కులు వేస్తుంటే సగం పని ఎవరూ బయటికి తీయరు.

వచ్చే నెల మా దగ్గర ఒక అమ్మాయి మాట్లాడబోతోంది, చేరి ఏడాది కూడా కాలేదు. చదివే హాలులో బల్లల మీద వదిలేసి వెళ్లిన పుస్తకాలను రోజూ లెక్కపెడుతోంది. ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే చదివి వదిలేసే పుస్తకాలు మా ఇష్యూ లెక్కల్లోకి రావు, ఎవరూ తీసుకోవడం లేదని వాటినే మేం అల్మారాల్లోంచి తొలగిస్తున్నామేమోనని ఆమె అనుమానం. లెక్క ఇంకా సగమే అయింది, చూపించాలంటే భయంగా ఉందంటోంది. భోజన విరామంలో పెట్టుకుంటున్నాం, ఎందుకంటే అది తప్ప మాకు వేరే సమయం లేదు.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ లైబ్రేరియన్