కిట్ల లెక్క చెప్పండి, బూట్ల పన్ను తగ్గించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వైసీపీ ప్రభుత్వం ఊరూరా పెట్టిన 'ఆడుదాం ఆంధ్ర' ఆటల పోటీల ఖర్చు మీద పార్టీల మధ్య గొడవ ఇంకా తెగలేదు. 2023 డిసెంబరు 26న గుంటూరులో మొదలై, 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన ఆ పోటీలకు దాదాపు 120 కోట్లు ఖర్చన్నారు. ఆటసామాను కిట్ల కొనుగోలులో అక్రమాలని ఒకరు, కక్షసాధింపని ఇంకొకరు. విజిలెన్స్ విచారణ కూడా వేశారు. తప్పెవరిదో తేల్చాల్సినవాళ్లు తేలుస్తారు. నా బాధ వేరు. ఏ ఊరికి ఎన్ని బ్యాట్లు ఇచ్చారు, ఎన్ని వాలీబాల్ నెట్లు ఇచ్చారు, ఒక్కోటి ఎంతకు కొన్నారు అన్న పట్టికను మొదటిరోజే ప్రతి సచివాలయం గోడకు అంటించి ఉంటే, ఆ ఊరి కుర్రాళ్లే లెక్క తేల్చేసేవారు. బ్యాటు చేత్తో పట్టుకుని ధర చెప్పగల పిల్లలు వాళ్లు.

ఈ గొడవలో పన్ను మాట ఎత్తేవాళ్లే కనబడడం లేదు. నేను పీఈటీని, అంటే బడిలో ఆటలు నేర్పే మాస్టారిని. మా గ్రౌండులో 800 మీటర్లు పరిగెత్తే తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది. నాన్న ఆటో నడుపుతాడు. పాత స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) అడుగు ఊడిపోతే రెండుసార్లు కుట్టించి, ఈమధ్యే కొత్తవి కొన్నారు. బిల్లు తెచ్చి నాకు చూపించాడు: బూట్లు 3,500, జీఎస్టీ 630, మొత్తం 4,130. "ఈ 630 ఎందుకు సార్?" అన్నాడు. ఏం చెప్పను?

2025 సెప్టెంబరు 22 నుంచి ఆటసామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచి పని, కాదనను. కానీ బూట్ల ధర 2,500 దాటితే 18 శాతమే. పరుగుకు పనికొచ్చే స్పైక్స్ ఆ ధర లోపు దొరకడం కష్టం. ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్‌లో పతకం తెచ్చినవాళ్లకు ప్రభుత్వమిచ్చే నజరానా మీద ఆదాయపన్ను లేదు. ఉండకూడదు కూడా. మరి ఆ పతకం దాకా వెళ్లే దారిలో ఉన్న పిల్లల మాటేమిటి? ఆదాయపన్ను పాత విధానంలో స్కూలు ఫీజుకు మినహాయింపు ఉంది, కోచింగ్ ఫీజుకు లేదు. అయినా ఆటో నడిపే తండ్రికి ఆదాయపన్ను మినహాయింపుతో పనేముంది? ఆయన కట్టేది జీఎస్టీయే. ముందు అక్కడే తగ్గించాలి.

రేటు మార్చాలంటే కేంద్రం, రాష్ట్రాల మంత్రులుండే జీఎస్టీ కౌన్సిల్ కూర్చోవాలంటారు. సరే. ఆ 18లో 9 శాతం రాష్ట్రానిదే కదా. స్కూల్ గేమ్స్‌లో జిల్లాస్థాయి సర్టిఫికెట్ ఉన్న పిల్లలు బిల్లు చూపిస్తే, ఆ వాటా వరకు తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాలో రాష్ట్రమే తిరిగి వేయొచ్చు. ఈ అమ్మాయి విషయంలో అది 315 రూపాయలు. వాళ్లింట్లో అది ఆ పిల్ల గుడ్ల ఖర్చు, పాల ఖర్చు.

ఎవరికి ఎంత తిరిగి ఇచ్చారో ఆ లెక్కనూ స్కూలు నోటీసుబోర్డులో పెట్టాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో అధికారపక్షమైనా, ప్రతిపక్షమైనా కిట్ల లెక్క, బూట్ల పన్ను వాపసు ఈ రెండూ అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా