బాబాయి ఎండోస్కోపీ గురించి అన్నయ్యకి

టోక్యో

అన్నయ్యకి,

బాబాయి నోటి క్యాన్సర్ ఆపరేషన్ నుంచి కోలుకుని, మళ్లీ కూరన్నం తింటున్నాడని చదివాక ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంకో పని ఉంది. ఆయన అన్నవాహికని ఎండోస్కోపీతో చూపించాలి. మింగడం బాగానే ఉంది కదా అంటాడు. ఆ ఇబ్బంది మొదలయ్యేసరికి జబ్బు చాలావరకు ముదిరిపోతుంది. ఇన్నేళ్ల చుట్ట, మందు ఒక్క నోటినే పాడుచేసి ఊరుకోవు. అందుకే ఇక్కడ మా ఆసుపత్రిలో నోటి, గొంతు క్యాన్సర్ వచ్చినవాళ్ల అన్నవాహికని మేం పట్టిపట్టి చూస్తాం.

మామూలు వెలుతురులో తొలిదశ మచ్చ కాస్త ఎర్రగా ఉంటుందంతే, తేలిగ్గా కన్ను తప్పించుకుంటుంది. అందుకని ఎండోస్కోప్‌కి ఉన్న ఎన్‌బీఐ (నారో బ్యాండ్ ఇమేజింగ్) బటన్ నొక్కుతాం. అప్పుడు 415, 540 నానోమీటర్ల దగ్గరి కాంతి మాత్రమే పడుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ దాన్ని పీల్చుకోవడంతో మచ్చ గోధుమరంగులో తేలుతుంది. అక్కడ పెద్దది చేసి చూస్తే పైపొరలో సన్నటి రక్తనాళాల మెలికలు కనిపిస్తాయి. ఆ మెలికల తీరు ఎలా మారుతుందో డాక్టర్ హరుహిరో ఇనోవే వర్గీకరించారు. తర్వాత జపాన్ ఎసోఫేజియల్ సొసైటీ దాన్ని తేలిక చేసింది. ఎ రకం అంటే నాళాల్లో పెద్దగా మార్పు లేదు. బి1లో నాళాలు ఉబ్బి వంకర్లు తిరిగినా మెలిక మిగిలి ఉంటుంది, జబ్బు సాధారణంగా పైపొరల్లోనే ఉంటుంది. బి2లో మెలిక పోతుంది. బి3లో నాళాలు బాగా లావెక్కుతాయి, అంటే లోతుకి దిగిందని అనుమానం. బి1 దశలో దొరికితే ఛాతీ కోయకుండా ఎండోస్కోపీతోనే ఆ పొరని ఒలిచి తీసేయొచ్చు. నా తాపత్రయమంతా అందుకే.

అయోడిన్ కూడా చల్లుతాం. మంచి కణాల్లోని గ్లైకోజెన్ వల్ల పొర ముదురు గోధుమరంగుకి మారుతుంది, చెడు మచ్చ రంగు పట్టదు. రెండు మూడు నిమిషాల్లో ఆ మచ్చ గులాబీ రంగుకి తిరిగిందంటే అనుమానం గట్టిపడుతుంది. చివరి మాట మాత్రం చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీదే.

విశాఖ తీసుకెళ్లే ముందే ఎన్‌బీఐ ఉందా, అవసరమైతే అయోడిన్ చల్లుతారా అని ఫోన్‌లో కనుక్కో. అయోడిన్ ఎలర్జీ గానీ థైరాయిడ్ జబ్బు గానీ ఉంటే ముందే చెప్పండి. బాబాయికి టెన్షన్ ఎక్కువ, మత్తిచ్చి చేయమని అడుగు. రిపోర్టుతోపాటు ఫొటోలూ తీసుకుని నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం పిన్నితో నేను మాట్లాడతాను.

నీ చెల్లి