డంపర్లున్నాయి, మెకానిక్‌లు ఏరీ?

సంపాదకుడు గారికి,

గోదావరిఖని చుట్టుపక్కల డంపర్, డోజర్, పొక్లెయిన్ విప్పి మళ్లీ సరిగ్గా బిగించగల మెకానిక్ దొరకడం గగనమైపోయింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన నాకు ఇప్పటికీ ఓబీ (బొగ్గు మీది మట్టి తీసే పని) సైట్ల సూపర్‌వైజర్లు ఫోన్ చేస్తుంటారు, "పని తెలిసిన పోరగాడెవడన్నా ఉంటే చెప్పు కాకా" అని. అదే ఊళ్లో ఐటీఐ చదివిన పిల్లలు ఏ పనీ లేక గల్ఫ్ ఏజెంట్ల చుట్టూ తిరుగుతున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఒక్క ఏడాది. అందులో ఇంజిన్ వస్తుంది. పెద్ద యంత్రంలో ఇంజిన్‌తోపాటు హైడ్రాలిక్స్, ట్రాన్స్‌మిషన్, కరెంటు పని కూడా తెలియాలి. పైగా చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2025 జనవరి 1 నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. సెన్సర్లు పెరిగాయి, ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే తప్ప లోపం తెలియని రోజులివి.

ఈ పని పుస్తకంతో రాదు. హైడ్రాలిక్ హోస్ (ఆయిల్ పారే పైపు) విప్పగానే రెండు కొసలకూ మూత బిగించాలి. అదేముందిలే అని వదిలేస్తే గనిలోని సన్న దుమ్ము ఆయిల్‌లో కలుస్తుంది, లక్షల విలువైన పంపు లోపల గీతలు పడి పాడైపోతుంది. హోస్‌కు సూదిమొన అంత చిల్లు పడితే ఆయిల్ కంటికి కనపడనంత సన్నగా చిమ్ముతుంది. లీకు ఎక్కడో చూద్దామని చెయ్యి పెడితే ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరుతుంది, వేళ్లు తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడాలి. డంపర్ బాడీ లేపి ఉంటే సేఫ్టీ పిన్ పెట్టకుండా కిందికి పోకూడదు. పక్కన నిలబడి చెప్పే మనిషి లేకుండా పిల్లలను పనిలోకి దించడం వాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే.

రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. సంతోషం. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు పెట్టారు, అవీ కావాలి. కానీ పెద్దపల్లి, మంచిర్యాల, భూపాలపల్లి, కొత్తగూడెం లాంటి బొగ్గు జిల్లాల్లో భారీ యంత్రాల మెకానిక్ ట్రేడు కూడా ఉండాలి కదా? అందుకు కోట్లు పోసి కొత్త యంత్రాలు కొనక్కర్లేదు. సింగరేణి సర్వే ఆఫ్ చేసి, అంటే ఇక పనికిరావని తేల్చి, వేలంలో తుక్కు కింద అమ్మే యంత్రాల్లోంచి ఐటీఐకి ఒక ఇంజిన్, ఒక గేర్‌బాక్స్, ఒక హైడ్రాలిక్ పంపు ఇస్తే చాలు, పిల్లలు వందసార్లు విప్పి బిగిస్తారు. నేర్పడానికి రిటైరైన ఫిట్టర్లు ఈ కాలనీల్లోనే ఉన్నారు. గౌరవంగా పిలిచి గౌరవ వేతనం ఇస్తే కాదనరు.

ఇక ఓబీ పని చేసే కాంట్రాక్టర్లు. 30 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ఏ సంస్థ అయినా తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం మందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలని చట్టం ఉంది, కాంట్రాక్టు కార్మికులను కూడా ఆ లెక్కలో కలపాలి. చాలాచోట్ల అప్రెంటిస్ అంటే గ్రీజు కొట్టేవాడు, స్పానర్ అందించేవాడు. ఓబీ టెండరు షరతుల్లోనే ఇంతమందికి ఇన్ని నెలలు మెకానిక్ పని నేర్పాలని రాయాలి. నేర్పినట్టు రుజువు చూపాకే బిల్లు పాస్ చేయాలి. సింగరేణి యాజమాన్యం, కార్మిక శాఖ వచ్చే టెండర్ల నుంచే ఈ షరతు పెట్టాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఫిట్టర్, గోదావరిఖని