వార్షిక నివేదిక: వ్యూన్స్‌డోర్ఫ్ ఊరితో గడిచిన ఏడాది

తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. పోయినసారి రాసింది చదివి "పండగల జాబితా తప్ప ఇందులో ఏముందండీ" అన్నారు కొందరు. నిజమే. అందుకే ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయని, వనభోజనాల రోజు వాన పట్టుకుని పులిహోర అంతా పార్కింగ్ షెడ్డు కింద నిలబడి తిన్నామని ఒక్క ముక్కలో చెప్పేసి, ఈ ఏడాది కొత్తగా ఎత్తుకున్న పని గురించి వివరంగా రాస్తున్నాను.

గుర్తుండే ఉంటుంది, పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక మాట అనుకున్నాం. ఏటా నాలుగు కోటలు, రెండు రాజభవనాలు చూసి ఫొటోలు గ్రూపులో పడేసే బదులు, ఒకే ఒక్క పల్లెను ఎంచుకుని అక్కడి పాత కట్టడాలు, స్మారకాలు తీరిగ్గా, మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూద్దామని. ఎంచుకున్న ఊరు వ్యూన్స్‌డోర్ఫ్. బెర్లిన్‌కు దక్షిణంగా 40 కిలోమీటర్లు, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రం. 2003 నుంచి పక్కనున్న త్సోసెన్ పట్టణంలో కలిపేశారు గానీ, చూడ్డానికి పైన్ చెట్ల మధ్య ఉన్న పల్లెలాగే ఉంటుంది. పేరు పలకడానికి నాలుక తిరగకపోతే "విన్స్‌డార్ఫ్" అనండి. ఊరివాళ్లు నవ్వుతారేమో గానీ కోప్పడరు.

ఇంత చిన్న ఊరే ఎందుకంటే, వందేళ్లలో మూడు సైన్యాలు ఇక్కడ మకాం వేశాయి. కైజర్ (జర్మన్ చక్రవర్తి) సైన్యం, హిట్లర్ సైన్యం, ఆ తర్వాత సోవియట్ సైన్యం. పోతూ పోతూ మూడూ తమ కట్టడాలు వదిలేసి వెళ్ళాయి. ఇంకో విచిత్రం, రాష్ట్రం మొత్తానికి పురాతన కట్టడాల రక్షణ, పురావస్తు పరిశోధన చూసుకునే ప్రభుత్వ కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే, పాత సైనిక ప్రాంతంలోనే ఉంది.

మొదటి ప్రయాణం ఏప్రిల్‌లో. ఆ రోజు పట్టాల మరమ్మతులని రైలు సగం దారిలో దింపేసింది. అక్కడి నుంచి బస్సు. చంటిపిల్లలతో వచ్చినవాళ్లకు టెన్షన్ తప్పలేదు, క్షమించాలి. వెళ్ళాక బంకర్లు చూశాం. 1930ల చివర్లో జర్మన్ సైన్యం ఇక్కడ "మైబాఖ్" అనే మారుపేరుతో కాంక్రీటు కట్టడాలు కట్టింది. పై నుంచి విమానంలో చూసేవాడికి మామూలు పల్లె ఇళ్లలా కనపడాలని వాటికి వాలు కప్పులు, పొగ గొట్టాలు, కిటికీలు పెట్టారు. గోడలు మాత్రం మందపాటి కాంక్రీటువి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ భూసేన ప్రధాన కార్యాలయం ఇదే. పక్కనే భూమిలో "త్సెప్పెలిన్" అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి బంకరు. యుద్ధరంగాలన్నిటికీ ఇక్కడి నుంచే తీగలు కలిపేవారు. 1945 ఏప్రిల్‌లో ఎర్రసైన్యం వచ్చి పట్టుకుంది. ఆ తర్వాత మైబాఖ్ ఇళ్లను పేల్చేశారు. ఇప్పుడు మిగిలినవి పక్కకు ఒరిగిన కాంక్రీటు దిమ్మలు. వాటి మీద నాచు, నాచు మీద పైన్ మొక్కలు. మొనదేలిన ముల్లంగి దుంపల్లాంటి ఎత్తైన బంకరు బురుజులు ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి. బాంబు పడ్డా జారిపోవాలని ఆ ఆకారం. మన పిల్లలు వాటికి "రాకెట్లు" అని పేరు పెట్టేశారు.

నా మట్టుకు నాకు బంకర్లు ఒక్కసారి చూస్తే చాలనిపించింది. మగ సభ్యులు కొందరు మళ్ళీ వెళ్దామంటున్నారు, వెళ్ళండి. లోపల ఎండాకాలంలో కూడా చలి, స్వెటర్ మర్చిపోకండి.

సెప్టెంబర్‌లో రెండో ఆదివారం, దేశమంతటా పాత కట్టడాల తలుపులు జనానికి తెరిచే రోజున, రెండోసారి వెళ్ళాం. "ఆఫీసర్స్ హౌస్" అనే పాత సోవియట్ సైన్యపు భవనం లోపలికి వెళ్ళాలని మన ఆశ. నేను దరఖాస్తు ఆలస్యంగా పెట్టాను, అనుమతి సమయానికి రాలేదు. తప్పు నాదే. బయటి నుంచి చూసి రావాల్సి వచ్చింది. పొడుగాటి భవనం, ముందు లెనిన్ విగ్రహం ఇంకా నిలబడే ఉంది. తూర్పు జర్మనీలో ఉన్న సోవియట్ సేనల ప్రధాన కేంద్రం వ్యూన్స్‌డోర్ఫే. స్థానికులకు లోపలికి ప్రవేశం లేదు, అందుకే దీన్ని నిషిద్ధ నగరం అనేవారు. లోపల బడులు, దుకాణాలు, థియేటరు, ఈతకొలను, ఇక్కడి నుంచి నేరుగా మాస్కోకు రైలు. 1994లో ఆఖరి సైనికులు వెళ్ళిపోయాక ఇంత ఊరూ ఖాళీ. ఆ ఖాళీని ఏం చేయాలో తెలియక 1998లో కొంత భాగాన్ని పాత పుస్తకాల ఊరుగా మార్చారు. ఆ దుకాణాల్లో మన పెద్దాయన ఒకరు రష్యన్ పిల్లల బొమ్మల పుస్తకం చేతికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కున్న తరం ఆయనది. ఆ నున్నటి కాగితం, ఆ వాసన గురించి తిరుగు రైల్లో అంతా చెప్పుకుంటూ వచ్చారు. వినడానికి బాగుంది.

ఇక అసలు విషయం. ఏప్రిల్లోనూ సెప్టెంబర్‌లోనూ రెండుసార్లూ వెళ్ళి తీరా ఊరి చివర ఒక వీధి బోర్డు దగ్గర ఆగాం. "మొషే స్ట్రాసె", అంటే మసీదు వీధి. ఆ వీధిలో మసీదు లేదు. ఒకప్పుడు ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఇక్కడ "హాల్బ్‌మోండ్‌లాగర్", అంటే నెలవంక శిబిరం, అని ఒక యుద్ధ ఖైదీల శిబిరం పెట్టింది. బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాల్లో పనిచేస్తూ పట్టుబడ్డ ముస్లింలు, వాళ్లతోపాటు మన హిందువులు, సిక్కులు, గూర్ఖాలు ఇందులో ఉండేవారు. మనవాళ్లు 1914 శరత్తులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగి, బెల్జియంలోని ఈప్ర్ దగ్గరా ఫ్రాన్స్ కందకాల్లోనూ పోరాడి బందీలైన వాళ్లు. ఈ ఖైదీల కోసం 1915 జూలైలో చెక్కతో ఒక మసీదు కట్టారు. జర్మనీ నేల మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు ఇదే.

ఇక్కడ నేను ఒక దిద్దుబాటు చేసుకోవాలి. ఏప్రిల్ ప్రయాణానికి నేనే రాసిన కరపత్రంలో "పరమత గౌరవానికి గుర్తుగా కట్టిన మసీదు" అని వేశాను. అది తప్పు. యుద్ధంలో తుర్కీ సుల్తాను జర్మనీ పక్షం. 1914 నవంబర్‌లో ఆయన పేరుతో పవిత్ర యుద్ధ ప్రకటన వచ్చింది. ఖైదీల్ని మంచి చేసుకుని, బ్రిటిష్‌వాళ్ల మీదికే తిప్పి పంపాలన్నది మాక్స్ ఫాన్ ఓపెన్‌హైమ్ వంటి జర్మన్ దౌత్యవేత్తల పథకం. మసీదు, పండగ వంటలు, శిబిరంలో హిందీ, ఉర్దూల్లో పంచిన "హిందోస్తాన్" పత్రిక, అన్నీ ఆ పథకంలో భాగమే. అనుకున్నంత మంది పక్షం మారలేదు. యుద్ధం అయ్యాక మసీదు శిథిలమైంది, 1920ల మధ్యలో కూల్చేశారు. 2015లో అదే స్థలంలో శరణార్థులకు వసతి కట్టే ముందు పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి చూశారు. వందేళ్ల తర్వాత మళ్ళీ అదే నేలకి పరాయి దేశం నుంచి మనుషులు వచ్చారు. కొత్త కరపత్రంలో ఇదంతా సరిచేశాం. పాతది ఇంట్లో ఉంటే దయచేసి పడేయండి.

శిబిరంలో ఇంకో పని కూడా జరిగింది. 1915 నుంచి జర్మన్ భాషావేత్తలు, సంగీత పరిశోధకులు ఒక సంఘంగా ఏర్పడి ఖైదీల గొంతులు రికార్డు చేశారు. విల్హెల్మ్ డోగెన్ వాళ్లలో ముఖ్యుడు. గొట్టం ముందు నిలబెట్టి పాటలు, కథలు, లెక్కలు చెప్పించారు. ఆ లక్క రికార్డులు బెర్లిన్‌లో హుంబోల్ట్ విశ్వవిద్యాలయం వారి ధ్వని భాండాగారంలో ఉన్నాయి. మానవ శాస్త్రం పేరుతో వచ్చిన వాళ్లయితే తలలు, ముక్కులు కొలుచుకుపోయారు. కాదనే వీలు ఖైదీకి ఎక్కడిది?

ఆ రికార్డుల్లో ఒకటి మల్ సింగ్ అనే సిక్కు సైనికుడిది, 1916 డిసెంబర్ 11 నాటిది. నిమిషం దాటి కొన్ని క్షణాలు, అంతే. తన సంగతి తాను చెప్పుకుంటూనే "ఒక మనిషి ఉండేవాడు" అని ఎవరి కథో చెబుతున్నట్టు చెబుతాడు. ఆ మనిషి హిందుస్తాన్‌లో వెన్న తినేవాడట, పాలు తాగేవాడట. ఇంగ్లీషువాళ్ల కొలువులో చేరి యూరప్ యుద్ధానికి వచ్చాడట, జర్మనీ పట్టుకుందట. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంచితే చచ్చిపోతాడట. దేవుడి దయవల్ల సంధి కుదిరితే ఇంటికి పోతాడట. మా ఇంట్లో ఇది చెప్పినప్పుడు మా అమ్మ ఒకటే అడిగింది: "పోయాడా?" నా దగ్గర జవాబు లేదు.

పోనివాళ్లు ఎక్కడున్నారో మాత్రం చూశాం. శిబిరానికి కొంత దూరంలో, అడవిలో, త్సేరెన్స్‌డోర్ఫ్ అనే ఊరి పేరుతో ఒక భారతీయ శ్మశానవాటిక ఉంది. ఊరు ఇప్పుడు లేదు. సైనిక శిక్షణ మైదానం కోసం ఖాళీ చేయించారు. ఊరు పోయినా శ్మశానానికి దాని పేరే మిగిలింది. ఇక్కడ 206 మంది భారతీయ సైనికులు ఉన్నారు. గుండు తగిలి కాదు, ఎక్కువమంది క్షయతోనూ చలి తెచ్చిన జబ్బులతోనూ పోయారు. మిగిలిన భారతీయ ఖైదీల్లో చాలామందిని 1917లో, వాతావరణం కాస్త నయమని, రుమేనియాకు తరలించారు. సోవియట్ కాలంలో ఈ చోటు సైనిక ప్రాంతంలో పడిపోయి పాడైపోయింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2005 నాటికి దాన్ని బాగుచేసి రాళ్లు మళ్ళీ నిలబెట్టింది. గడ్డి కోసిన చదును, వరసగా తెల్లరాళ్లు, చుట్టూ చెట్లు. ఆ ఊళ్లో చూసినవాటన్నిటిలో నాకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపించింది ఈ ఒక్క చోటికే.

నవంబర్‌లో జర్మన్లు పాటించే ప్రజా సంతాప దినం నాడు అక్కడికి వెళ్ళాం. ఉదయం దారిలో ఒక పల్లెలో ఆగి, అక్కడివాళ్లు తమ యుద్ధ స్మారకం దగ్గర పూలమాల పెడుతుంటే వెనక నిలబడ్డాం. దాదాపు ప్రతి జర్మన్ ఊళ్లోనూ చర్చి దగ్గరో కూడలిలోనో అలాంటి రాయి, రాయి మీద ఆ ఊరి కుర్రాళ్ల పేర్లు ఉంటాయి. ఒక్కో ఇంటిపేరు మూడేసి సార్లు. తర్వాత త్సేరెన్స్‌డోర్ఫ్ వెళ్ళి బంతిపూలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాలా వద్దా అని ముందు రోజు వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా వాదన జరిగింది. అక్కడున్నది మూడు మతాల వాళ్లు కాబట్టి పూలు, మౌనం చాలనుకున్నాం. కొబ్బరికాయ తెచ్చినాయన దాన్ని రైల్లో భద్రంగా వెనక్కి పట్టుకెళ్ళారు.

కార్యవర్గ సమావేశంలో ఒక సభ్యుడు అడిగారు, "పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్ల సమాధులకి తెలుగు సంఘం చందా డబ్బులతో పూలెందుకండీ?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. ఆ శిబిరంలో ఖైదీల్ని బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడమని నచ్చజెప్పడానికి బెర్లిన్‌లోని భారత స్వాతంత్ర్య సంఘం వాళ్లు వచ్చేవారు. ఆ సంఘానికి ముందుండి నడిచినవాడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. పుట్టింది 1880లో, హైదరాబాద్‌లో. నిజాం కాలేజీకి మూలపురుషుడైన అఘోరనాథ్ గారి కొడుకు, సరోజినీ నాయుడు తమ్ముడు. తమ్ముడు ఇక్కడ సైనికుల్ని తెల్లదొర కొలువు వదిలేయమంటుంటే, అదే 1915లో అక్కగారు హైదరాబాద్ మహిళల యుద్ధ సహాయ సంఘం కోసం, పరాయి నేలల్లో రాలిపోయిన భారత సైనికుల మీద కవిత రాశారు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు, ఒకే సైనికుల గురించి, రెండు వైపుల నుంచి. తమ్ముడు మళ్ళీ హైదరాబాద్ చూడలేదు. 1937లో స్టాలిన్ కాలపు ఏరివేతల్లో మాస్కోలో మరణశిక్షకు బలయ్యాడు. ఆబిడ్స్ మీదుగా కాలేజీకి వెళ్ళిన వాళ్లం మనలో ఎంతమందిమి? ఈ అడవిలోకి దారి మన వీధిలోంచి కూడా ఉంది.

అడిగిన సభ్యుడికి ఇది చాలిందో లేదో గానీ, నవంబర్‌లో ఆయనే పూలబుట్ట మోశారు.

మిగతా విషయాలు క్లుప్తంగా. ఈ పనికి సంఘం పెట్టిన ఖర్చు పూలు, రెండుసార్లు కరపత్రం ముద్రణ, నవంబర్‌లో పెద్దవాళ్ల కోసం ఒక అద్దె వ్యాను, అంతే. రైలు ఛార్జీలు ఎవరివి వారే పెట్టుకున్నారు. పూర్తి జమాఖర్చుల పట్టిక తనిఖీదారుల సంతకాలతో విడిగా పంపాం. చందా ఇంకా కట్టనివారు పేర్లు చదివించుకోకుండా ఈ నెలలో కట్టేస్తే సంతోషం. పిల్లల తెలుగు తరగతులు శనివారం నుంచి ఆదివారం ఉదయానికి మారాయి, హాజరు కొంచెం మెరుగు. గుణింతాలు చెప్పడానికి ఇంకో ఇద్దరు కావాలి.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఒకటి, ఆఫీసర్స్ హౌస్ లోపలికి. ఈసారి దరఖాస్తు జనవరిలోనే పెడతాను. రెండోది పిల్లలు అడిగింది. నవంబర్‌లో వాళ్లు రాళ్ల మీద పేర్లు పైకి చదివారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పంజాబీ, నేపాలీ పేర్లు తెలుగు పిల్లలు జర్మన్ యాసలో చదివితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒకమ్మాయి మధ్యలో ఆగి, "తప్పుగా పిలుస్తున్నామేమో అంకుల్" అంది. వచ్చే నవంబర్‌కి 206 పేర్లూ సరిగా పలకడం నేర్పాలి. పంజాబీ, నేపాలీ, పష్తో వచ్చిన స్నేహితులు మీలో ఎవరికైనా ఉంటే నాకు ఒక్క ఫోన్ చేయండి.

ఇట్లు,
కార్యదర్శి